కుందేలుకూ ముసలితనం ఉంటుంది



ఇంట్లో సరిగ్గా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ దాకా బతుకుతుంది. అంటే ఒకటో తరగతి పిల్లవాడు ముచ్చటపడ్డాడని కొనిచ్చిన కుందేలు, వాడు పదో తరగతి పరీక్షలు రాసేనాటికి కూడా ఆ ఇంట్లో తిరుగుతూ ఉండాలి. అలా జరిగిన ఇళ్ళు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తెచ్చిన కొన్ని నెలలకో, మహా అయితే ఏడాదికో అది చచ్చిపోవడమే మనకు మామూలు. సుకుమారమైన ప్రాణి అనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకుని, పిల్లవాడు ఏడుపు ఆపకపోతే మరొకటి తెస్తాం. కానీ అవి అలా రాలిపోవడానికి అసలు కారణం పెంచే పద్ధతి మనం నేర్చుకున్న చోటులో ఉందని నా వాదన. ఆ పద్ధతి రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి మాంసం కోసం కుందేళ్ళు పెంచే ఫారం. రెండోది పిల్లల బొమ్మల పుస్తకం. ఫారంలో కుందేలు మూడు నెలలకు రెండు కిలోలు తూగితే చాలు, ఇక దాని ఆయుష్షుతో ఎవరికీ పని లేదు. బొమ్మల పుస్తకంలోనైతే అది ఎప్పటికీ పిల్లగానే ఉంటుంది. ముసలి కుందేలు ఎలా ఉంటుందో ఈ రెండు చోట్లా ఎవరూ చూసి ఉండరు. తెలుగులో కుందేళ్ళ పెంపకం గురించి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం ఎన్ని పిల్లలు పెడతాయి, ఎంత త్వరగా బరువు పెరుగుతాయి అనే లెక్కలే. ఇంట్లో పెంచుకునేవాళ్ళకు ఆ లెక్కలతో పని లేదు. వాళ్ళకు కావలసింది పదేళ్ళ లెక్క.

అసలు ఈ జంతువు ఏదో ముందు తెలుసుకోవాలి. మన మెట్ట చేలల్లో, తుప్పల్లోంచి చెంగున దూకి మాయమయ్యేది చెవులపిల్లి. పంచతంత్రంలో సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్ళినదీ, చందమామలో మన పెద్దలు చూసినదీ అదే. అది బొరియ తవ్వదు, నేల మీదే పొదల చాటున పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. దాన్ని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెట్ షాపులో మనం కొనే కుందేలు వేరే జాతి. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ నేలల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికాయి. తెల్లవారుజామునా, సాయంత్రం వేళా బయటికొచ్చి గడ్డి మేసేవి, ఎండ వేళ చల్లటి బొరియలో ముడుచుకునేవి, గద్ద నీడ పడితే చాలు పరిగెత్తేవి. మనుషులు ఎన్ని రంగుల కుందేళ్ళను తయారు చేసినా వాటి లోపలి యంత్రం మారలేదు. మన దగ్గర ఎక్కువగా అమ్మే ఎర్రకళ్ళ తెల్ల కుందేలు న్యూజిలాండ్ వైట్, లేదా దానితో కలిసిన సంకరం. పేరులో న్యూజిలాండ్ ఉన్నా అది అమెరికాలో తయారైన జాతి, పెంచింది ప్రధానంగా మాంసం కోసం. ఎదిగితే నాలుగైదు కిలోలు తూగుతుంది. అరచేతిలో పట్టే పిల్లను చూపించి ఇది ఇంతే ఉంటుందని అమ్మేవాడు చెప్తే నమ్మకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తేకండి. తల్లిపాలు మానీ మానకముందే తెచ్చిన పిల్లకు కొత్త చోటు, కొత్త తిండి ఒకేసారి మీద పడితే పొట్ట తట్టుకోలేదు. మొదటి వారం, కొన్న చోట ఏం తిన్నదో అదే పెట్టి, మార్పు మెల్లగా చేయాలి.

ఇక పొట్ట సంగతి. కుందేలు పెంపకంలో సగానికి పైగా ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కుందేలు నోట్లో ఇరవై ఎనిమిది పళ్ళుంటాయి. అవన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. వాటిని అరగదీసేది గడ్డి. పీచు గట్టిగా ఉన్న గడ్డిని కుందేలు దవడను పక్కలకు ఆడిస్తూ, నిమిషానికి వంద సార్లకు పైగా నమిలి పిండి చేస్తుంది. మెత్తటి తిండికి అంత నమలాల్సిన పని ఉండదు. అప్పుడు వెనక పళ్ళు వాడిగా పెరిగి నాలుకకూ బుగ్గకూ గుచ్చుకుంటాయి. బయటికి ఏమీ కనిపించదు. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, తినకుండా వెనక్కి వెళ్తుంది. ఆకలి లేదేమో అనుకుంటాం. నమిలిన గడ్డి లోపలికి వెళ్ళాక మరో కథ మొదలవుతుంది. పేగు ఆ పిండిని రెండుగా వేరు చేస్తుంది. ముతక పీచు గుండ్రటి పొడి పెంటికలుగా బయటికి పోతుంది. మెత్తటి భాగం పెద్దపేగు మొదట్లో ఉన్న ఒక పెద్ద సంచిలోకి వెళ్ళి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అలా తయారైన పదార్థం నల్ల ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ బయటికి వస్తే, కుందేలు దాన్ని నేల మీద పడనివ్వకుండా నోటితోనే అందుకుని మింగుతుంది. బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి అలా అందుతాయి. ఇది చూసి అసహ్యించుకుని ఆపబోయేవాళ్ళున్నారు. ఆపకూడదు. ఆవు నెమరు వేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ ఏర్పాటు మొత్తం నడవాలంటే ఒకటే షరతు. పేగు ఆగకూడదు, పేగును నడిపించేది ముతక పీచు. పీచు తగ్గి పిండిపదార్థం, చక్కెర పెరిగితే ఆ సంచిలోని సూక్ష్మజీవుల పొందిక చెదురుతుంది, గ్యాసు పుడుతుంది, కడుపు ఉబ్బుతుంది, నొప్పికి కుందేలు తిండి మానేస్తుంది, మానేసిన కొద్దీ పేగు మరింత మందగిస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపల చేరింది వెనక్కి వచ్చే దారి కూడా లేదు. పది పన్నెండు గంటలు ఏమీ తినని, పెంటిక వేయని కుందేలును రేపు చూద్దాంలే అని వదిలేయకూడదు. అది ఆ పూటే డాక్టరు చూడాల్సిన పరిస్థితి. మనిషి ఒక పూట లంఖణం చేస్తే మంచిదంటాం. కుందేలుకు లంఖణం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు ఇళ్ళలో మనం దానికి ఏం పెడుతున్నామో చూడండి. బొమ్మల పుస్తకం పుణ్యమా అని క్యారెట్ పెడతాం. 1940 నుంచి బగ్స్ బన్నీ అనే కార్టూన్ కుందేలు క్యారెట్ నములుతూ ప్రపంచమంతా తిరిగింది, దాని వెనకే ఈ నమ్మకమూ తిరిగింది. క్యారెట్ దుంపలో చక్కెర ఎక్కువ. ఎప్పుడైనా ఓ చిన్న ముక్క పెట్టొచ్చు. మనం తీసి చెత్తబుట్టలో వేసే క్యారెట్ ఆకే దానికి మేలైన తిండి. ఫారం నుంచి వచ్చిన అలవాటు తవుడు, గుళికల దాణా, మొక్కజొన్న నూక. త్వరగా కండ పట్టాల్సిన పిల్లలకు ఆ దాణా సరే. పదేళ్ళు బతకాల్సిన కుందేలుకు గుళికలు కిలో బరువుకు రోజుకు పాతిక గ్రాములు మించనవసరం లేదు. అన్నం, రొట్టె, బిస్కెట్లు, శనగలు అసలే వద్దు. దాని తిండిలో ఎనభై శాతానికి పైగా గడ్డే ఉండాలి, అదీ రాత్రీ పగలూ ఎప్పుడు కావాలంటే అప్పుడు అందేలా. మిగతా భాగంలో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు రోజుకో రెండు మూడు రకాలు పెట్టొచ్చు. పాలకూర, తోటకూర ఎప్పుడైనా కొద్దిగా. ఉల్లి, వెల్లుల్లి, టమాటా మొక్క ఆకులు, బంగాళాదుంప ఆకులు, పెరట్లోని గన్నేరు, ఉమ్మెత్త దాని నోటికి అందకూడదు.

గడ్డి అనగానే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. విదేశీ టిమోతీ గడ్డి చిన్న సంచీలో పెట్టి బంగారం ధరకు అమ్ముతున్నారు, మధ్యతరగతి ఇంట్లో రోజూ అది కొనగలమా అంటారు. కొనలేకపోతే మానేయండి. కుందేలుకు కావలసింది పీచున్న గడ్డి, దాని మీది ముద్ర ఏ దేశానిదైనా ఒకటే. వినాయకుడి పూజకు పెట్టే గరిక మన పూల మార్కెట్లలో కట్టలుగా దొరుకుతుంది, ఊళ్ళలో గట్ల మీద ఊరికే మొలుస్తుంది. గినీ గడ్డి, నేపియర్ గడ్డి పాడి రైతులు పండిస్తారు. వాటిని కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గుడ్డ సంచిలో నిల్వ చేసుకోవచ్చు. లూసర్న్, దశరథ గడ్డి పప్పుజాతి మేతలు, బలమైనవి. ఎదిగే పిల్లలకు మంచివే కానీ, లూసర్న్‌లో సున్నం ఎక్కువ. కుందేలు పేగు తిండిలోని సున్నాన్ని అవసరంతో నిమిత్తం లేకుండా పీల్చుకుని, మిగిలింది మూత్రంలో వదులుతుంది. పెద్ద కుందేలుకు రోజూ అదే పెడితే మూత్రాశయంలో ఇసుకలా పేరుకుపోతుంది. వరిగడ్డి సంగతి కూడా చాలామంది అడుగుతారు. అది గింజ తీసేసిన ఎండు కాడ, పోషకాలు బాగా తక్కువ. కింద పరుపుగా వేయడానికి బాగుంటుంది, తిండికి దాన్నే నమ్ముకోలేం. ఇక జాగ్రత్తలు చెప్పుకోవాలి. పురుగుమందు కొట్టిన చేను గట్టు గడ్డి, రోడ్డు పక్కన కుక్కలు తిరిగే చోటి గడ్డి తేకండి. వానాకాలంలో బూజు వాసన వచ్చిన గడ్డిని మొహమాటపడకుండా పారేయండి.

మా మేనమామ ఇంట్లో కుందేళ్ళకు అన్నం, తవుడే పెట్టారు, బ్రహ్మాండంగా బతికాయి కదా అనే మాట వినిపిస్తుంది. ఎదురుగా కనిపించిన ఉదాహరణను కొట్టిపారేయడం తేలిక కాదు కాబట్టి సమాధానం చెప్పాలి. ఆ పెరట్లో కుందేళ్ళు తవుడుతోపాటు రోజంతా గడ్డి, కలుపు మొక్కలు, రాలిన ఆకులు కూడా తిని ఉంటాయి. వాటిని బతికించింది తవుడు అనుకోవడానికి ఆధారం లేదు. పైగా అక్కడ ఒకటి పోతే రెండు పుట్టాయి. నెలకో ఈత ఈనగల జంతువు గుంపుగా ఉన్న చోట, ఏ కుందేలు ఎన్నాళ్ళు బతికిందో ఎవరూ లెక్క పెట్టరు. గుంపు కనిపిస్తూ ఉంటే కుందేళ్ళు బాగున్నాయనుకుంటాం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒంటరిగా ఉన్న కుందేలుకు ఆ పెరడూ లేదు, ఆ గుంపూ లేదు. మనం పెట్టిందే దానికి తిండి. ఇలాంటి నమ్మకాల్లో మరీ ప్రమాదకరమైనది, కుందేలుకు నీళ్ళు పెడితే చచ్చిపోతుందన్నది. తడి ఆకులు ఎక్కువై విరేచనాలు పట్టిన పిల్లల్ని చూసి ఎవరో నీళ్ళ మీద నేరం మోపి ఉంటారు. కుందేలు కిలో బరువుకు రోజుకు యాభై నుంచి నూట యాభై మిల్లీలీటర్ల నీళ్ళు తాగుతుంది, ఎండు గడ్డి తినేదానికి ఇంకా కావాలి. బోర్లా పడని బరువైన మట్టి మూకుడులో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వాదన ఎక్కడైనా చేయొచ్చు గానీ, కుందేలు నీళ్ళ దగ్గర మాత్రం చేయకండి.

బోను కూడా ఫారం నుంచి వచ్చినదే. ఇనప తీగల అడుగుతో, పెంటికలు కిందికి జారిపోయేలా, తక్కువ చోటులో ఎక్కువ కుందేళ్ళు పట్టేలా తయారు చేసిన పెట్టె అది. మూడు నెలలు ఉండి వెళ్ళిపోయే జంతువు కోసం చేసినది. కుందేలు పాదాలకు కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. తీగల మీద ఏళ్ళ తరబడి కూర్చుంటే మడమలకు పుండ్లు పడతాయి. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ ఒక జత కుందేళ్ళకు కనీసం మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న చోటు, అదీ ఎప్పుడూ తెరిచి ఉండేది కావాలంటోంది. మన ఇళ్ళలో అది ఒక చిన్న గది. అంత ఎక్కడ తేగలం అంటే, గది ఇవ్వలేకపోయినా హాల్లో ఒక మూల కంచె కట్టి, ఉదయం సాయంత్రం కొన్ని గంటలు ఇల్లంతా వదలొచ్చు. కుందేలు సాధారణంగా ఒకే మూల మూత్రం పోస్తుంది. ఆ మూలలో ఒక ట్రే పెట్టి, కాగితాలు పరిచి, పైన గడ్డి వేస్తే కొద్దిరోజుల్లో అక్కడికే అలవాటు పడుతుంది. కరెంటు వైర్లు మాత్రం దానికి అందనివ్వకండి, వేళ్ళనుకుని కొరికేస్తుంది. దాక్కోవడానికి రెండు దారులున్న ఒక అట్టపెట్టె చాలు. ఇది కేవలం దయ విషయం కూడా కాదు. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. బాల్కనీలో అడుగున్నర పెట్టెలో కుందేలును పెట్టి, మేం హింసించడం లేదే అనేవారు ఆ చట్టం ఒకసారి చదవాలి.

వేసవి మన రాష్ట్రాలకు ప్రత్యేకమైన సమస్య. ఈ జంతువుకు హాయిగా ఉండే వేడి పదిహేను నుంచి ఇరవై డిగ్రీలు. ముప్ఫై దాటితే ఇబ్బంది పడుతుంది. రెంటచింతల, రామగుండం, విజయవాడల్లో మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. కుందేలుకు చెమట పట్టదు, కుక్కలా నోరు తెరిచి వగర్చి చల్లబడలేదు, ఉన్న వేడిని పెద్ద చెవుల్లోని రక్తనాళాల గుండా వదులుకోవాలి. కాబట్టి రేకుల షెడ్డు, పడమటి బాల్కనీ, మేడ మీద గది దానికి పనికిరావు. గచ్చు నేల ఉన్న నీడ గది, ఫ్యాను, నీళ్ళు గడ్డకట్టించి గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ సీసా ఒకటి పక్కన, చెవులకు తడి గుడ్డతో అద్దడం మేలు చేస్తాయి. వట్టివేళ్ళ తడకలు పొడి వేడి ఉన్నచోట బాగా పనిచేస్తాయి, తీరప్రాంతపు ఉక్కపోతలో అంతగా కాదు. చల్లబడుతుందని నీళ్ళలో ముంచకండి. అసలు కుందేలుకు స్నానమే వద్దు, భయానికే ప్రాణం పోవచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తూ పక్కకు వాలిపోయిన కుందేలును వెంటనే నీడకు చేర్చి, చెవులు తడిపి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దీపావళి రాత్రి కూడా ఇలాంటి గండమే. టపాసుల మోతకు బెదిరి తిండి మానేస్తుంది, తిండి మానితే ఏమవుతుందో ముందే చెప్పుకున్నాం. ఆ రాత్రి ఇంటి లోపలి గదిలో, తలుపులు వేసి ఉంచండి.

పిల్లల్లో దయ పెరుగుతుందని కుందేలును కొనిస్తున్నాం అనే తల్లిదండ్రులతో నాకు పేచీ లేదు. అయితే పిల్లలు చేసే ఆట, కుందేలు ఒళ్ళు రెండూ పొసగవు. దాని ఎముకల బరువు మొత్తం ఒంటి బరువులో ఏడెనిమిది శాతమే, వెనక కాళ్ళ కండ మాత్రం చాలా బలమైనది. చేతుల్లో గింజుకుంటూ గట్టిగా తన్నితే దాని వెన్నెముకే విరగొచ్చు. చెవులు పట్టుకుని ఎత్తడం మన సంతల్లోనూ, ఇంద్రజాలికుల బొమ్మల్లోనూ చూసి నేర్చుకున్న తప్పు. ఎత్తక తప్పనప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక భాగం కింద వేసి, మన ఒంటికి ఆనించుకోవాలి. చిన్న పిల్లలు ఎత్తనే కూడదు. నేల మీద కూర్చుంటే అదే వచ్చి వాసన చూస్తుంది. గద్దలకూ నక్కలకూ ఆహారమయ్యే జంతువుకు పైనుంచి దిగే చెయ్యి శత్రువే. నొప్పి వచ్చినా అది సాధారణంగా అరవదు. నొప్పి బయటపెట్టిన కుందేలు అడవిలో ఎక్కువ సేపు బతకదు కాబట్టి, దాచుకోవడం దాని నెత్తురులోనే ఉంది. మూలన కదలకుండా కూర్చుని పళ్ళు గట్టిగా కొరుక్కుంటుంటే బాధలో ఉందని అర్థం. గాల్లోకి ఎగిరి మెలికలు తిరిగితే సంతోషంగా ఉంది. వెనక కాలితో నేలను దబ్బున కొడితే భయపడింది. దయ నేర్పాలనుకుంటే పిల్లలకు ఈ గుర్తులు నేర్పండి, చూసే పని వాళ్ళకు అప్పగించండి. బాధ్యత మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళదే.

తోడు విషయంలో చిక్కు ఉంది. కుందేలు గుంపులో బతికే జంతువు, ఒంటరిగా ఉంచితే దిగులుపడుతుంది, రెండు ఉండటమే మంచిది. అలాగని షాపువాడు ఇచ్చిన జతను తెచ్చుకుంటే ఏమవుతుందో చాలా ఇళ్ళకు తెలుసు. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో ఈడుకొస్తాయి, చూలు కాలం ముప్ఫై ఒక్క రోజు, ఈనిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్ళీ చూలు కట్టగలదు. చిన్నపిల్లల్లో మగా ఆడా గుర్తుపట్టడం కష్టం, రెండూ ఆడవే అని ఇచ్చినవి తర్వాత జంటగా తేలడం వింత కాదు. రెండు మగవి అయితే ఈడొచ్చాక నెత్తురు కారేలా పోట్లాడుకుంటాయి. దీనికి ఉన్న దారి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఒక మగ, ఒక ఆడ కలిపి పెంచడం. నోరులేని జీవికి ఇది అన్యాయం, ప్రకృతి విరుద్ధం అనే అభ్యంతరం నిజాయితీగా వచ్చేదే. కానీ ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్ళకు గర్భసంచి క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. కొన్ని అధ్యయనాల్లో నాలుగేళ్ళు దాటిన వాటిలో సగానికి మించి కనిపించింది. ప్రకృతిలో కుందేలు అంత వయసు దాకా బతకడమే అరుదు కాబట్టి ప్రకృతికి ఆ సమస్య రాలేదు. మనం ఆయుష్షు పెంచాం, దానితో వచ్చిన జబ్బుకు కూడా మనమే జవాబుదారీ. మత్తుమందుతో ప్రమాదం ఉన్నమాట నిజమే, అందుకే కుందేళ్ళకు ఆపరేషన్ చేసిన అనుభవం ఉన్న డాక్టరునే వెతకాలి. ఒక గుర్తు చెబుతాను. మనుషులకు, కుక్కలకు చెప్పినట్టు ఆపరేషన్ ముందు రాత్రంతా తిండి మానిపించండి అని చెప్పారంటే, వారికి కుందేళ్ళతో అంతగా పరిచయం లేదని అర్థం.

కుందేళ్ళ సంఖ్య పెరిగిపోయాక పార్కులోనో, ఊరి బయట తోపులోనో వదిలిపెట్టి స్వేచ్ఛ ఇచ్చామనుకునేవాళ్ళూ ఉన్నారు. మంచు లాంటి తెల్లబొచ్చుతో ఎర్రమట్టి మీద కూర్చున్న జంతువును వీధికుక్కలు తెల్లవారేదాకా ఉంచవు. ఎక్కడైనా బతికి బట్టకడితే అదీ మంచిది కాదు. 1859లో ఆస్ట్రేలియాలో వేటకోసం ఒక భూస్వామి వదిలిన ఇరవై నాలుగు కుందేళ్ళ సంతతి ఆ ఖండంలోని పచ్చికనూ పంటలనూ ఎలా తినేసిందో చరిత్రలో ఉంది.

వైద్యం విషయంలో మన దగ్గర నిజంగానే లోటు ఉంది. గేదెలకూ గొర్రెలకూ కుక్కలకూ ఉన్నంత మంది డాక్టర్లు కుందేళ్ళకు లేరు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల బోధనాసుపత్రుల దాకా వెళ్ళగలిగినవారి మాట వేరు. దూరంగా ఉన్నవాళ్ళు ఇంటి మందులకు దిగుతారు. అక్కడే ప్రాణాలు పోతాయి. ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ కుందేలు నోట్లో పోస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టి, కుందేలు కొద్దిరోజుల్లో చనిపోవచ్చు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఏవీ ఇవ్వకూడదు. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కుందేలుకు విషం. గజ్జి మన దగ్గర చాలా మామూలు. చెవుల లోపల, ముక్కు మీద, గోళ్ళ దగ్గర పొక్కులు కడతాయి. డాక్టరు బరువు చూసి ఇచ్చే మందుతో అది సులువుగా తగ్గుతుంది. మనం పైన ఏ నూనె పూసినా కుందేలు నాకేస్తుంది, పూసినది కడుపులోకి పోతుంది. కొన్ని రకాల గజ్జి, తామర మనుషులకూ అంటుకుంటాయి కాబట్టి ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. వానాకాలంలో మరో ముప్పు ఉంది. వెనక భాగం తడిగా, మలినంగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్కరోజులోనే పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి. రోజుకొకసారి వెనక భాగం చూడటం తప్పనిసరి.

ఇంత తతంగం ఉంటే ఎవరు పెంచుతారండీ అని మీరనవచ్చు. పెంచడం మొదలుపెడితే రోజువారీ పని నిజానికి పెద్దది కాదు. పొద్దున గడ్డి నింపి, నీళ్ళు మార్చి, ట్రే చూడాలి. ఆరోగ్యమైన కుందేలు రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది. అవి గుండ్రంగా, ఒకే సైజులో, పొడిగా ఉన్నాయంటే లోపల అంతా సవ్యంగా ఉందన్నమాట. చిన్నవైతే, తగ్గితే, వెంట్రుకలతో దండలా అతుక్కుని వస్తే, ఆ రోజు గడ్డి పెంచి, ఆకులు తగ్గించి, కన్నేసి ఉంచాలి. రంగు మూత్రం చూసి కంగారు పడకండి. తిన్న ఆకులను బట్టి ఎర్రగా, తెల్లగా కూడా పోస్తుంది. అది మూలుగుతూ పోస్తే, చుక్కలు చుక్కలుగా పోస్తే డాక్టరు చూడాలి. వారానికొకసారి తూకం వేసి రాసుకుంటే కంటికి ఆనని జబ్బు కూడా అంకెల్లో తెలుస్తుంది. ఈ పనికి రోజుకు అరగంట చాలు. అయితే ఆ అరగంట సెలవుల్లేకుండా పదేళ్ళు ఇవ్వాలి. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారో కూడా ముందే తేల్చుకోవాలి.

కాబట్టి మొదటిసారి పెంచాలనుకునేవారికి నేను చెప్పేది ఇది. పుట్టినరోజు కానుకగా కుందేలును కొనకండి. తక్కువ ఖర్చు, తక్కువ పని అనుకుని కుక్కపిల్లకు బదులుగా కూడా కొనకండి. రోజంతా ఇంటికి తాళం వేసి ఉండేవారికి, వేసవిలో చల్లటి గది ఇవ్వలేనివారికి ఇది తగదు. ఇవన్నీ కుదురుతాయనుకుంటే కొనే ముందే రెండు పనులు చేయండి. మీ ఊళ్ళో, లేదా గంట ప్రయాణంలో, కుందేళ్ళకు వైద్యం చేసే డాక్టరు ఉన్నారా అని ఫోను చేసి అడగండి. ఏడాది పొడవునా గడ్డి ఎక్కడ దొరుకుతుందో చూసి రండి. పెట్ షాపులు 2018 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి, ఆ పత్రం చూపించమని అడగడం మీ హక్కు. షాపుకు వెళ్ళేలోపు, పెంచలేక వదిలించుకోవాలనుకుంటున్న ఇల్లు ఏదైనా ఉందేమో మీ ఊరి డాక్టరునే అడగండి. చాలాసార్లు ఉంటుంది. ఆ కుందేలును తెచ్చుకోండి.